పోటీ – పొత్తు

మన విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న స్టాఫ్ రూముకి వచ్చి, "సార్, సావనీరుకి మీరేదైనా రాసివ్వాలి. మరీ గంభీరంగా వుండకూడదు, అలాగని మరీ తేలిగ్గానూ వుండకూడదు" అన్నాడు. ఏం రాయాలా అని ఆలోచిస్తూ మెట్లు దిగుతుంటే నోటీసు బోర్డు మీద వార్షికోత్సవ పోటీల జాబితా కనిపించింది. వ్యాసరచన పోటీ, పాటల పోటీ, ముగ్గుల పోటీ, ఆఖర్న వక్తృత్వ పోటీ. దానికిచ్చిన విషయం: "మానవ ప్రగతికి మూలం సహకారమే". అంటే, సహకారం ఎంత గొప్పదో చెప్పి తక్కినవాళ్లందర్నీ ఎవరు ఓడిస్తారో వాళ్లకి ఫస్టు ప్రైజన్నమాట!

నవ్వొచ్చింది. కాని కాస్త ఆలోచిస్తే అందులో తమాషా ఒక్కటే కాదు, నిజం కూడా వుందనిపించింది. ఆ పోటీ జరగాలంటే పదిమంది కలిసి కుర్చీలు వెయ్యాలి. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు నోరు మూసుకుని వినాలి. గంట కొట్టగానే ఆపాలి. ఓడినవాడు జడ్జీల తీర్పుకి తల వంచాలి. యీ పొత్తు లేకపోతే ఆ పోటీయే లేదు. కబడ్డీ కోర్టులో గీత ఎక్కడుందో రెండు జట్లూ ఒప్పుకున్న తర్వాతే గదా కూత మొదలయ్యేది!

పోటీ మంచిదా, పొత్తు మంచిదా అని మనం తరచు వాదించుకుంటాం. ఆ ప్రశ్నే సరిగా లేదని నా అభిప్రాయం. అసలు అడగవలసింది వేరే వుంది. అదేమిటో చెప్పేముందు నేను చేసిన ఒక తప్పు సంగతి చెప్పాలి. ఇన్నేళ్లుగా క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు.

నేను డిగ్రీ ఫైనలియర్‌లో వుండగా లైబ్రరీలో ఒక రిఫరెన్సు పుస్తకం ఒక్కటే ప్రతి వుండేది. పరీక్షలు మూడు వారాల్లో వున్నాయి. ఒక సాయంత్రం ఆ పుస్తకం తీసి, ఎవరూ ముట్టుకోని పాత గెజిట్ల కట్టల వెనక దాచిపెట్టాను. రోజూ వెళ్లి తీసుకుని చదివి, మళ్లీ అక్కడే పెట్టేవాణ్ణి. నా రూమ్మేటు ఆ పుస్తకం కోసం రెండు రోజులు బీరువాలన్నీ వెతికాడు. నన్ను కూడా అడిగాడు. "ఎవరో పట్టుకుపోయి వుంటార్రా" అన్నాను. ఆ సంవత్సరమే దసరా ముందు నాకు పచ్చకామెర్లు వచ్చి మూడు వారాలు ఇంటి దగ్గర పడివుంటే, రోజూ తన నోట్సు కింద కార్బన్ పేపరు పెట్టుకుని నాకో కాపీ రాసిపెట్టినవాడు వాడు. యీ సంగతి ఇక్కడ ఆపుతాను. మళ్లీ వస్తాను.

మనిషి సహజంగానే స్వార్థపరుడు, ప్రకృతిలో వున్నదంతా కుమ్ములాటే, అందుకే అలా చేశాను అని సరిపెట్టుకోవచ్చు. అలా సరిపెట్టుకోవడానికి డార్విన్ పేరు వాడుకోవడం మనకి అలవాటు. 1859లో ఆయన 'జీవజాతుల పుట్టుక' గ్రంథం వెలువడింది. కాని "బలమున్నవాడిదే బ్రతుకు" అన్నట్టు ధ్వనించే ఆ ప్రసిద్ధమైన మాట డార్విన్ పుట్టించింది కాదు, హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడాడు. డార్విన్ దాన్ని తర్వాత స్వీకరించాడు. జీవన సంగ్రామం అనే మాటని తాను విశాలార్థంలో వాడుతున్నాననీ, ఒక ప్రాణి మరొక ప్రాణి మీద ఆధారపడటం కూడా అందులో చేరుతుందనీ డార్విన్ తన గ్రంథంలోనే చెప్పాడు. ఆ వాక్యాన్ని మాత్రం చాలామంది దాటిపోయారు.

దాటిపోనివాడు రష్యాకి చెందిన క్రొపోట్కిన్. యువకుడిగా సైబీరియాలో సంవత్సరాల తరబడి తిరిగాడు. అక్కడ అతని కంటికి ఎక్కువగా కనిపించింది జంతువులు ఒకదాన్నొకటి చంపుకోవడం కాదు, భయంకరమైన చలికీ మంచుకీ ఎదురుగా గుంపులు కట్టి బ్రతకడం. 1888లో హక్స్‌లీ ప్రకృతిని కత్తులు దూసిన మల్లుల గోదాతో పోలుస్తూ ఒక వ్యాసం రాస్తే, దానికి జవాబుగా క్రొపోట్కిన్ వరసగా వ్యాసాలు రాశాడు. అవే 1902లో 'పరస్పర సహాయం' అనే పుస్తకమయ్యాయి. ఇద్దరూ చూసింది ఒకే ప్రకృతిని. రెండూ అందులో వున్నాయి. కాబట్టి ప్రకృతి మీద నెపం పెట్టి మనం తప్పించుకోలేం. ఎప్పుడు పోటీ, ఎప్పుడు పొత్తు అనేదే మనం తేల్చుకోవాలి.

పోటీ మనిషిని ముందుకి తోస్తుందన్న మాట అబద్ధం కాదు. అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన, సైకిలు పందాలలో ఒంటరిగా తొక్కేవాడికంటె పక్కన మరొకడున్నవాడు వేగంగా పోతున్నాడని గమనించాడు. ఎందుకో చూద్దామని నలభైమంది పిల్లల చేత గాలపుతాడు చుట్టే చక్రాన్ని ఒంటరిగానూ, జంటలుగానూ తిప్పించాడు. దాని ఫలితాలు 1898లో ప్రకటించాడు. జంటగా తిప్పినపుడు సుమారు సగంమంది వేగం పుంజుకున్నారు. ఇది అందరూ చెప్పే సగం. మిగతా సగం సంగతేమిటి? పాతికవంతు మందిలో పెద్ద మార్పు లేదు. ఇంకో పాతికవంతు మంది పోటీ ఆవేశంలో తడబడి, ఒంటరిగా తిప్పినప్పటికంటె వెనకపడ్డారు. మన క్లాసుల్లో కూడా యీ మూడోరకం వాళ్లుంటారు. వాళ్లని మనం "తెలివిలేనివాళ్లు" అనుకుని వదిలేస్తాం. తెలివి లేక కాదేమో, పక్కవాడి చప్పుడు ఎక్కువై కావచ్చు.

1949లో మోర్టన్ డాయిష్ యీ సంగతిని ఇంకొంచెం లోతుకి తీసుకెళ్లాడు. కాలేజీ విద్యార్థులని చిన్న చిన్న జట్లుగా విడదీశాడు. కొన్ని జట్లకి, "మీ జట్టు మొత్తానికి ఒకటే గ్రేడు" అని చెప్పాడు. మిగిలినవాటికి, "మీలో మీకే ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు" అని చెప్పాడు. చేతికిచ్చిన పనులు ఒకే మాదిరివి. మొదటిరకం జట్లలో ఒకరి మాట ఒకరు విన్నారు, పని పంచుకున్నారు, స్నేహంగా వున్నారు. రెండోరకం జట్లలో ఎవడి గొడవ వాడిదే. మంచివాళ్లని ఒకవైపు, చెడ్డవాళ్లని ఒకవైపు ఏరి పెట్టలేదు గదా! మారింది మనుషులు కాదు, మార్కులిచ్చే పద్ధతి. నీ లాభం నా లాభంతో ముడిపడి వుందా, లేక నా నష్టంతో ముడిపడి వుందా? నేను మొదట్లో చెప్పిన "అసలు అడగవలసిన ప్రశ్న" ఇదే.

దీనికి తోడు రెండో ప్రశ్న ఒకటుంది. మనం మళ్లీ ఎదురుపడతామా, లేదా?

దీన్ని ఒక ఆటగా చెబుతాను. ఇద్దరు మిత్రులున్నారు. సిలబస్‌లో చెరిసగం నోట్సు రాసుకుని, పరీక్షకి ముందు కవర్లు మార్చుకోవాలని ఒప్పందం. కవరు విప్పేదాకా అందులో నిజంగా నోట్సున్నాయో, తెల్లకాగితాలున్నాయో తెలియదు. ఇద్దరూ నిజాయితీగా ఇస్తే చెరి 3 పాయింట్లు. ఒకడిచ్చి, రెండోవాడు తెల్లకాగితాలు పెడితే, మోసగాడికి 5, ఇచ్చినవాడికి సున్న. ఇద్దరూ మోసం చేస్తే చెరి 1. ఎదుటివాడు ఏం చేసినా సరే, లెక్క ప్రకారం మోసం చేస్తేనే నాకు ఎక్కువ వస్తుంది. అతనిచ్చినా మోసమే మేలు, ఇవ్వకపోయినా మోసమే మేలు. అతనూ యీ లెక్కే వేస్తాడు. చివరికి ఇద్దరు తెలివైనవాళ్లు చెరి 3 వచ్చేచోట చెరి 1తో మిగులుతారు. 1950లో అమెరికాలో గణిత శాస్త్రజ్ఞులు రూపొందించిన యీ చిక్కుముడికి ఆల్బర్ట్ టక్కర్ ఇద్దరు ఖైదీల కథ జోడించడంతో 'ఖైదీల సందిగ్ధం' అని పేరు వచ్చింది.

ఒక్కసారే ఆడితే యీ చిక్కు విడిపోదు. కాని అదే మనిషితో రోజూ ఆడవలసి వస్తే? మిచిగాన్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ దీన్ని కంప్యూటరు మీద పందెంగా నడిపి, 1980లో ఫలితాలు ప్రకటించాడు. ఆర్థిక, గణిత, మనస్తత్వ శాస్త్రాలలో ఆరితేరినవాళ్లు 14 మంది తలా ఒక ఎత్తుగడ రాసి పంపారు. ప్రతి జతా 200 సార్లు తలపడింది. గెలిచింది అన్నిటికంటె చిన్న ప్రోగ్రాము. దాని పేరు 'టిట్ ఫర్ టాట్'. పంపినవాడు అనటోల్ రపపోర్ట్. దాని సూత్రం ఇంతే: మొదటిసారి సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు క్రితంసారి ఏం చేశాడో అదే చెయ్యి. యీ రహస్యం బయటపెట్టి రెండోసారి పందెం పెడితే ఆరు దేశాల నుంచి 62 ఎత్తుగడలు వచ్చాయి. మళ్లీ అదే గెలిచింది.

దీంట్లో నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది. 'టిట్ ఫర్ టాట్' ఏ ఒక్క జోడీలోనూ ఎదుటివాడికంటె ఎక్కువ పాయింట్లు తెచ్చుకోదు, తెచ్చుకోలేదు. తాను ముందుగా మోసం చెయ్యదు గనుక, మహా అయితే సమానం, లేదా ఒక మెట్టు తక్కువ. ఎవర్నీ ఓడించకుండానే మొత్తం మీద మొదటి స్థానం! ఎదుటివాణ్ణి ఓడించాలని చూసిన గడుసు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పీక్కుతిని అడుగున పడ్డాయి. మొదటి పందెంలో పై ఎనిమిది స్థానాలూ, తమంతట తాము ముందుగా మోసం చెయ్యనివే. అలాగని అవి అమాయకమైనవీ కావు. మోసం చేస్తే ఊరుకోలేదు. దెబ్బకి దెబ్బ, చెయ్యికి చెయ్యి. 'టిట్ ఫర్ టాట్' ఒకసారి బదులు తీర్చుకున్నాక పగ మాత్రం పట్టలేదు. అయితే పొరపాట్లు జరిగేచోట యీ సూత్రం కూడా తగాదాలో ఇరుక్కుపోతుంది. ఒకడు పొరపాటున చేసిన తప్పుకి రెండోవాడు, దానికి మళ్లీ మొదటివాడు, ఇలా అంతుండదు. అలాంటిచోట అప్పుడప్పుడు క్షమించే ఎత్తుగడ మేలని నోవాక్, సిగ్మండ్ 1992లో చూపించారు. క్షమాగుణం గురించి మన పెద్దలు చెప్పినదానికి లెక్కలవాళ్లు కూడా సంతకం పెట్టారన్నమాట.

మన పల్లెల్లో యీ ఆట కొత్తేమీ కాదు. ఇవాళ మీ పొలంలో నాట్లకి మేమొస్తాం, రేపు మా పొలంలోకి మీరు రావాలి. రాకపోతే? పైయేడు చూసుకుందాం! ఊరు వదిలిపోయేవాళ్లు కారు గనుక ఆ "పైయేడు" అనే మాటకి బలముంది.

పంపకాలు ముందు వచ్చాయా, పరిచయాలు ముందు వచ్చాయా అనేది కూడా ముఖ్యమే. ముజఫర్ షెరీఫ్ 1954లో ఓక్లహామాలో ఒక వేసవి శిబిరం నడిపాడు. పదకొండు, పన్నెండేళ్ల కుర్రాళ్లు 22 మందిని ఒకరికొకరు తెలియని రెండు జట్లుగా వుంచి, తర్వాత బేస్‌బాల్, తాడు లాగే పందెంలాంటివి పెట్టారు. గెలిచినవాళ్లకే బహుమతులు. కొద్ది రోజుల్లోనే జెండాలు తగలబెట్టుకోవడం, గదుల మీద దాడులు, తిట్లు మొదలయ్యాయి. కలిపి భోజనం పెడితే సర్దుకుంటారనుకుంటే, అన్నం విసురుకున్నారు. చివరికి నీళ్ల సరఫరా ఆగిపోయేలా చేశారు. భోజనం తెచ్చే ట్రక్కు కదలదన్నారు. ఇద్దరికీ కావలసింది, ఏ ఒక్క జట్టు వల్లా కానిది అయ్యేసరికి అందరూ చెయ్యి వేశారు. ఏ తాడుతో ఒకరినొకరు ఈడ్చుకున్నారో, అదే తాడు ట్రక్కుకి కట్టి అంతా ఒకవైపు నిలబడి లాగారు!

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అంతకు ముందు సంవత్సరం, 1953లో, న్యూయార్క్ రాష్ట్రంలో షెరీఫ్ ఇలాంటి శిబిరమే పెట్టాడు. అక్కడ కుర్రాళ్లని జట్లుగా విడదీయకముందే వాళ్లలో స్నేహాలు కుదిరాయి. నిర్వాహకులు ఎంత ఎగదోసినా వాళ్లు పోట్లాడుకోలేదు, ప్రయోగం విఫలమైంది. నా దృష్టిలో విఫలమైన ప్రయోగమే ఎక్కువ పాఠం చెబుతోంది. సెక్షన్లు, హాస్టళ్లు, కులాలు, పార్టీలు మనల్ని పంచుకోకముందే ఒక బెంచీ మీద కలిసి కూర్చుంటే, తర్వాత ఎవరో ఎగదోసినా మనం లొంగకపోవచ్చు.

ఇక మన రాష్ట్రంలోని ఉదాహరణ. ఉమ్మడి ఆస్తి వుంటే ఎవడికి వాడు దాన్ని దోచుకుని పాడుచేస్తాడనీ, ప్రభుత్వ అధికారమో, సొంత ఆస్తి హక్కో తప్ప దారి లేదనీ చాలాకాలం నమ్మారు. గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం యీ నమ్మకానికి ఆధారమైంది. రాబర్ట్ వేడ్ అనే పండితుడు కర్నూలు జిల్లాలో కాలవ కింది గ్రామాలు తిరిగి, 1988లో వెలువడిన తన పుస్తకంలో వేరే కథ చెప్పాడు. కొన్ని గ్రామాల్లో, ప్రభుత్వ పంచాయితీతో సంబంధం లేకుండా, రైతులే ఒక మండలి ఏర్పరచుకున్నారు. అందరి తరఫునా పొలాలకి నీళ్లు పంచడానికి మనుషుల్ని జీతానికి పెట్టుకున్నారు. అలాంటివాళ్లని కొన్నిచోట్ల నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరటి అంటారు. పంటలకి కాపలావాళ్లని కూడా పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కు అమ్మి, ఆ డబ్బుతో ఉమ్మడి నిధి నడిపారు.

యీ ఏర్పాటు అన్ని గ్రామాల్లోనూ లేదు. ఎక్కడుంది? కాలవ మొదట్లో నీళ్లు పుష్కలంగా వున్న గ్రామాల్లో కాదు. కింద, నీళ్లు అందీ అందకుండా వుండే గ్రామాల్లో! కొరత వుంటే కొట్టుకు చస్తారనుకుంటాం. కాని ఎవడికి వాడు గట్టు తెగ్గొట్టుకుంటే అందరి పైరూ ఎండుతుందని కళ్లకి కట్టినట్టు కనిపించేచోట, పైయేడు కూడా అదే గట్టు మీద నిలబడవలసినచోట, రైతులు పొత్తు కుదుర్చుకున్నారు. మంచితనం పైగ్రామాల్లో తక్కువనీ, కిందిగ్రామాల్లో ఎక్కువనీ కాదు. ప్రపంచంలో ఇలాంటి ఏర్పాట్లెన్నిటినో పరిశీలించి ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో పుస్తకం రాసింది. ఎవరికెంత హక్కు వుందో తేటగా వుండాలి, నిబంధనలు పెట్టడంలో వాడుకునేవాళ్ల మాట చెల్లాలి, తప్పుచేసినవాడికి మొదట చిన్న శిక్ష, తర్వాత పెద్దది వుండాలి అంటుంది ఆవిడ. 2009లో ఆవిడకి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

అయితే పొత్తు అనగానే అది పుణ్యకార్యమని అనుకోకండి. టెండర్లు వేసే కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కుని రేటు పెంచడం కూడా పొత్తే. పరీక్ష హాల్లో చీటీలు అందించుకోవడమూ పొత్తే. వాటి ఖర్చు ఆ గుంపులో లేనివాడు భరిస్తాడు. అలాంటిచోట పోటీయే న్యాయం. కాబట్టి పొత్తుని మెచ్చుకునేముందు, దీనివల్ల బయట నష్టపోయేవాడు ఎవడు అని కూడా అడగాలి.

ఇంతా చెబితే మీలో ఎవరో ఒకరు లేచి, "సార్, ఉద్యోగాలు లెక్కపెట్టినట్టు కొన్నే వున్నాయి. అక్కడ నా లాభం పక్కవాడి నష్టమే గదా?" అనవచ్చు. నిజమే. అది కల్పించుకున్న పోటీ కాదు, అసలైన పోటీ. కాని లెక్క వేసి చూడండి. వంద ఉద్యోగాలకి లక్షమంది రాస్తున్నారనుకుందాం. మీతో కలిసి చదివే ముగ్గురు మిత్రులు ఆ లక్షలో ముగ్గురు. వాళ్లు బాగా చదివినందువల్ల మీకు కలిగే నష్టం సముద్రంలో చెంబుడు నీళ్లంత. వాళ్లు మీకు అర్థంకాని పాఠం చెబితే, మీ జవాబులో తప్పు దిద్దితే కలిగే లాభం మాత్రం పూర్తిగా మీదే. హైదరాబాద్ చిక్కడపల్లిలోని గ్రంథాలయానికి వెళ్లి చూడండి. ఒకే ఉద్యోగానికి పోటీ పడేవాళ్లు పక్కపక్కన కూర్చుని చదువుతూ వుంటారు. ఎదురుగా వున్న పోటీదారు కంటికి కనిపిస్తాడు, మిగిలిన లక్షమంది కనిపించరు. అందుకే మన అసూయ అంతా పక్కవాడి మీదే పడుతుంది.

ఇప్పుడు గెజిట్ల కట్టల వెనక వున్న పుస్తకం దగ్గరికి వస్తాను.

మాది డిగ్రీ పరీక్ష. అరవై శాతం దాటిన ప్రతివాడికీ ఫస్టు క్లాసు వస్తుంది. ఇంతమందికే అనే కోటా ఏమీ లేదు. మా వాడికి మార్కులు ఎక్కువ వచ్చినంతమాత్రాన నాకు ఒక్క మార్కూ తగ్గదు. అంటే అక్కడ పోటీయే లేదు. లేనిపోటీని నేను నా బుర్రలో పెట్టుకుని వాడితో ఆడాను. ఫలితాలు వచ్చాయి. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. వాడికి నాలుగు మార్కుల్లో పోయింది. ఆ ఏడు ఎమ్మే సీటు రాలేదు. ఇంటి పరిస్థితి మరో ఏడాది ఆగేలా లేదు, ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ నాలుగు మార్కులూ ఆ పుస్తకం వల్లే పోయాయని నేను రుజువు చెయ్యలేను. పోలేదనీ చెప్పలేను.

చాలా ఏళ్లకి ఒక పెళ్లిలో కలిశాం. భోజనాలయ్యాక పక్కకి తీసుకెళ్లి చెప్పేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకప్పుడే తెలుసురా. అటెండర్ చెప్పాడు. నువ్వే ఎప్పుడైనా తీసుకొస్తావనుకున్నాను" అన్నాడు. కాసేపాగి, "మన గదిలో లైటొక్కటే గదా వుండేది. ఇద్దరం దానికిందే చదివాం. పుస్తకం మాత్రం ఒకటయితే ఏం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

'టిట్ ఫర్ టాట్' లెక్క ప్రకారం వాడు నాకు బదులు తీర్చుకోవాల్సింది. తీర్చుకోలేదు. బహుశా అది వాడి గొప్పతనం. ప్రతి క్లాసులోనూ అలాంటివాడు దొరకడు గనుక, అందరూ అలాంటివాళ్లే వుంటారని నమ్మి కాలేజీ నడపలేం. పద్ధతులు బాగుండాలి. ఒక్క ప్రతి వున్న పుస్తకాలకి రెండో ప్రతి కొనాలి. ర్యాంకుల జాబితా అవసరమైనచోటే పెట్టాలి. ఇది మా లెక్చరర్ల పని, మీ సంఘం పని కూడా.

మీ వంతు పని చిన్నది. పక్కవాణ్ణి చూసి గుండె ఝల్లుమన్నపుడు ఒక్క క్షణం ఆగి, యీ రెండు ప్రశ్నలు వేసుకోండి. అతను గెలిస్తే నేను నిజంగా ఓడుతున్నానా? రేపు మళ్లీ ఇతని ముఖం చూడాలా? మొదటిదానికి జవాబు మీరనుకున్నంత తరచుగా "అవును" కాదు. రెండోదానికి దాదాపు ఎప్పుడూ "అవును"నే.

ఆ కార్బన్ కాగితాలు ఇంకా నా బీరువాలో వున్నాయి. అక్షరాలు బాగా వెలిసిపోయాయి గాని, మూడు వారాల పాఠాల్లో ఒక్కటీ తప్పిపోలేదు.